ఏడు గుప్పిళ్ళ తవుడు

మార్చి 5, 2003

శాయాకాన్ వచ్చింది. పండగలకు వస్తుంది, చావులకు వస్తుంది. నన్ను ఏదైనా అడగడానికి రావడం మాత్రం ముప్ఫై మూడేళ్ళలో ఇదే మొదటిసారి. తోడికోడళ్ళం, మధ్యలో ఒక కంచె, రెండు ఇళ్ళు. అయినా నా పొయ్యి దగ్గర కూర్చోవడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది.

టీ పోశాను. గిన్నె చేతిలోకి తీసుకుంది గానీ తాగలేదు.

“మా కోడలు బూరుల్ కన్నదే, జూరాకాన్. మొన్న మూడో తారీఖున. మగపిల్లాడు.”

“విన్నానక్కా. ఊరంతా చెప్పుకుంటున్నారు.”

“ఎవరికీ చెప్పొద్దని అందరి కాళ్ళూ పట్టుకున్నాను.” గొంతు తగ్గించింది. “మొదటివాడు తొమ్మిది రోజులున్నాడు. రెండోవాడు ఐదు నెలలు. వీడికీ ఏదన్నా అయితే ఆ పిల్ల బతకదు. నువ్వు కొనుక్కోవే వీణ్ణి.”

“ముల్లాని అడిగావా?”

“అడిగితే వద్దంటాడు. పాత పిచ్చి అంటాడు. అందుకే అడగలేదు. మా ఇంట్లో పుట్టినవాణ్ణి వెతుక్కుంటూ వస్తోందే ఆ చావు. అమ్మేస్తే వాడు మా వాడు కాడు, వచ్చి చూసి పోతుంది. నలభయ్యో రోజున మళ్ళీ కొనుక్కుంటాం. నీకు తెలియనిదా ఇదంతా.”

“ఇంతమంది ముసలమ్మలుండగా నేనే ఎందుకక్కా?”

“పసిబిడ్డ పోని గడప ఈ ఊళ్ళో నీదొక్కటే.”

పోవడానికి ఒకడు ఉంటేగా! అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. చూస్తాను అన్నాను. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది.

ఆ బిడ్డ తండ్రి తబిల్దీ నా కొడుకు. ఇక్కడైనా రాసుకోనీ. 1972 మేలో నేను కన్నాను. నలభయ్యో రోజున మామగారు ఎత్తుకెళ్ళి పెద్దకోడలి ఒళ్ళో పెట్టారు. పెళ్ళై పదేళ్ళైనా వాళ్ళకు పిల్లల్లేరని. “నీకేం, చిన్నదానివి, ఇంకా పదిమందిని కంటావు” అన్నారు. తరవాత ఒక్కరు పుట్టలేదు. శాయాకానే ఏడ్చి, అన్నం మానేసి, మామగారి చేత ఆ పని చేయించింది. ఆ రోజు మా ఆయన ఇంట్లో లేడు. గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వెళ్ళాడు. ఉంటే ఇవ్వనిచ్చేవాడు కాడు.

మార్చి 6

ఒప్పుకుంటాను.

పగ తీర్చుకునే దారి ఇలా తనంతట తనే నా పొయ్యి దగ్గరికి నడిచి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. కొన్నవాళ్ళు ఇష్టపడి తిరిగి అమ్మితేనే పిల్లాడు వాళ్ళవాడవుతాడు. బలవంతాన లాక్కుంటే చావు వాడి వెనకే ఆ ఇంటికి నడుస్తుంది. ఇందులో నాకు నమ్మకం ఎంతో నాకే తెలీదు. శాయాకాన్ మాత్రం ప్రాణం పెట్టి నమ్ముతుంది. అది చాలు.

నలభయ్యో రోజున ఇవ్వను. వాళ్ళు నన్ను ఏ రోజున దోచుకున్నారో, వాళ్ళకూ అదే రోజున తెలుస్తుంది.

మార్చి 10

కొన్నాను.

ఏడో రోజు. కిటికీలోంచి. నేను దారినపోయే దానిలా వాళ్ళ గోడ పక్కన నడుస్తుంటే లోపలినుంచి శాయాకాన్ కేకేసింది.

“దారిన పోయే అమ్మా! మా ఇంట్లో కుక్కపిల్ల ఉంది. కొంటావా?”

“ఏం కుక్కపిల్ల? కరుస్తుందా?”

“కరవదు, మొరగదు. దేనికీ పనికిరాదు. ఎంతోకొంతకు తీసుకుపో.”

చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ఒడిలోంచి తవుడు తీసి కిటికీ గట్టు మీద పోశాను, ఏడు గుప్పిళ్ళు. ఆరోది కాస్త చిన్నదైంది. “నిండుగా పొయ్యవే, మళ్ళీ లెక్క తప్పుతుంది” అని పక్కింటి ముసలామె అరిచింది. పోశాను. చివికిపోయిన కంబళిలో చుట్టి పిల్లాణ్ణి నా చేతిలో పెట్టారు. తిరిగి చూడకుండా నడవాలి. బూరుల్ గొంతు వినిపించలేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఉంటుంది. నాకు తెలుసు ఎలా కుక్కుకుంటారో.

తబిల్దీ వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. తలెత్తలేదు. నేను వాడి పక్కనుంచి పోతుంటే, “దారంతా బురదగా ఉంది పిన్నీ, జాగ్రత్త” అన్నాడు.

పిన్ని. ముప్ఫై ఏళ్ళుగా పిన్ని.

మార్చి 11

చేతులకు బరువు గుర్తుంది. వీడిది కాదు, వాడిది.

మార్చి 17

కొన్నామెకే పేరు పెట్టే హక్కు. తిరిగి అమ్మేదాకా అయినా వాణ్ణి నేను పిలిచినట్టే ఊరంతా పిలవాలి. వారం రోజులుగా ఆలోచిస్తున్నాను, ఏ పేరు పెడితే శాయాకాన్ గొంతులో ముల్లులా దిగుతుందా అని.

పేర్ల సంగతి నా దగ్గరా! ముప్ఫై నాలుగేళ్ళు గ్రామ కౌన్సిల్ గుమాస్తాగా ఈ ఊరి పుట్టుకలన్నీ నేనే రాశాను. ఇప్పుడు ఈ మాటలు రాసుకుంటున్నది కూడా మిగిలిపోయిన పాత రిజిస్టర్‌లోనే. తల్లి పేరు రాయాల్సిన గడిలో నా ఏడుపు రాస్తున్నాను.

నాకంటే ముందువాళ్ళు రాసిన పుస్తకాలు కూడా చదివాను. మొదటివాటిలో పేజీకి నలుగురు తుర్సున్‌లు, ముగ్గురు తొక్తోసున్‌లు. ఉండనీ, ఆగనీ అని. ఆ ఏళ్ళలో ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. తరవాత కొత్త రాజ్యం వచ్చింది, నాయకుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి మెలిస్ అన్నారు. ఒకాయన ఏకంగా ట్రాక్టర్ అని పెట్టాడు. ఆ ట్రాక్టర్ నిరుడు నా దగ్గర పింఛను కాగితాలు రాయించుకున్నాడు, పాపం చాలా మంచివాడు. మనిషి ఆకాశానికెళ్ళిన సంవత్సరం ముగ్గురు యూరీలు. నేను ఉద్యోగంలో చేరాక అందరూ ఉలాన్, మిర్లాన్, బాకిత్. సోవియట్ యూనియన్ పోయాక ఒక్కసారిగా పాత వీరులందరూ మా ఊళ్ళో మళ్ళీ పుట్టారు. ఇప్పుడు ముల్లా చెప్పినవి కొన్ని, టీవీలో కనిపించినవి కొన్ని. ఒక పేరు పది మందికి నచ్చిందంటే ఇంకో వంద మందికి నచ్చుతుంది, అదో అంటువ్యాధి.

వీటన్నిటి అడుగున ఎప్పుడూ వాడకం పోని పాత పేర్లు కొన్ని ఉన్నాయి. పిల్లలు దక్కనివాళ్ళు పెట్టేవి. కుక్క, ఎలుక, బూడిద. వాటిలో అన్నిటికంటే నీచమైనది ఏరాను.

తెజెక్‌బాయ్. పిడకల దొర!

ఈ రోజు పిల్లాణ్ణి చూడ్డానికి పదిమంది వచ్చారు, శాయాకాన్ ముందుంది. ఆమె కళ్ళలోకే చూస్తూ, “వీడి పేరు తెజెక్‌బాయ్” అన్నాను.

మొహం మాడుతుందనుకున్నాను. ఆమె కళ్ళు తడి అయ్యాయి. లేచి వచ్చి నా నుదుటి మీద ముద్దుపెట్టింది.

“నీ నోట మంచి మాటొచ్చిందే! అంత గట్టి పేరు పెట్టే ధైర్యం మాకెవరికుంది?”

“అవును మరి, పిడకని ఎవరెత్తుకుపోతారు!” అని పక్కింటి ముసలామె చప్పట్లు కొట్టింది. “జూరాకాన్‌కి పేర్ల సంగతి తెలిసినట్టు ఎవరికీ తెలీదు.”

నన్ను దీవించి, నూనెలో వేయించిన బోర్సోక్‌లు తిని పోయారు. వీళ్ళను ఎలా తిట్టాలో కూడా దేవుడు నాకు నేర్పలేదు.

మార్చి 24

బూరుల్ రోజుకు ఐదుసార్లు వస్తుంది. జీతానికి పాలిచ్చే ఆమెలా రావాలి, అది పద్ధతి. తలుపు దగ్గర నిలబడి, “అమ్మగారూ, మీ పిల్లాడికి పాలు పట్టేదా?” అని అడుగుతుంది. నేను సరే అంటేనే లోపలికి. నా బిడ్డ అనకూడదు, ముద్దు పెట్టకూడదు. మొదటి రోజు నా అనబోయి నాలుక కరుచుకుంది. ఇప్పుడు అలవాటైంది.

“చిన్నత్తయ్యా, వీడు రాత్రి ఏడ్చాడా?” అంది ఈ రోజు.

“మీ పిల్లాడు ఏడ్చాడా అనాలి.”

“మీ పిల్లాడు ఏడ్చాడా?”

“ఏడిస్తే నేను చూసుకుంటాను. నీకెందుకు?”

తల దించుకుంది. పాపం అనిపించింది. అనిపించకూడదు. శాయాకాన్‌ను కొట్టాలంటే ముందు ఈ పిల్లకే తగులుతుంది, అది నా తప్పు కాదు. నాకు తగిలినప్పుడు ఎవరైనా అడ్డం వచ్చారా?

పాలిచ్చాక రవిక సర్దుకుంటూ అడిగింది. “మీకు... అప్పట్లో... పాలు ఎలా ఆగాయి చిన్నత్తయ్యా?”

అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈ పిల్ల అనేసింది.

“గుడ్డ బిగించి కట్టుకున్నాను.”

“ఎన్నాళ్ళు?”

“నీ పని అయిపోతే వెళ్ళు” అన్నాను.

మార్చి 30

పదకొండు రోజులు.

దానికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

వాడికి నేను పెట్టిన పేరు నూర్‌దోలోత్. నలభై రోజులు అదే పేరుతో పిలిచాను, ఎంతో గర్వంగా. వెలుగు, సంపద, రెండూ వాడిలోనే ఉన్నాయనుకున్నాను. ఆ ఇంటికి పోగానే తబిల్దీ అన్నారు. దొరికాడు అని! కన్నదాన్ని నేను, వాళ్ళకు దొరికాడట, బజార్లో జారిపోయిన చేతిరుమాలు దొరికినట్టు.

అప్పటికి పుట్టుక ఇంకా పుస్తకంలో ఎక్కించలేదు. ఎక్కించాల్సింది ఎవరు? నేనే. కౌన్సిల్ ఆఫీసులో కూర్చుని నా చేత్తో నేనే రాశాను. పేరు, తబిల్దీ. తల్లి, శాయాకాన్. నా చేతిరాత చాలా బాగుంటుందని పేరు. ఆ పేజీలో కూడా అక్షరం వంకర పోలేదు.

మా ఆయన ఊళ్ళో లేడు. గడ్డి కోతకు పై పొలాలకు వెళ్ళాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయనేం చేస్తాడు?

ఏప్రిల్ 2

మేకలు ఈనుతున్నాయి. తెజెక్ గుక్కపట్టి ఏడిస్తే వాటి అరుపు విని ఆపుతున్నాడు. దీన్ని ముచ్చట అనుకోకూడదు.

ఏప్రిల్ 5

తబిల్దీ వచ్చాడు, పొగగొట్టం బాగు చేస్తానని. అడగలేదు, వాడే వచ్చాడు. మసి చేతులతో పని అయ్యాక కూర్చున్నాడు. పిల్లాడి వైపు చూడకుండా పిల్లాడిని చూస్తున్నాడు.

“లావయ్యాడు కదా పిన్నీ?”

“అయ్యాడు.”

“నువ్వు బాగా చూసుకుంటున్నావు.”

“నా కొడుకేగా. కొనుక్కున్నాను.”

చేతులు తుడుచుకోవడం ఆపాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. “కొన్నవాళ్ళకు ఉండే ప్రేమ కన్నవాళ్ళకు ఉండదంటారు, మీ అమ్మనడుగు” అన్నాను.

“పిన్నీ.”

“ఏం?”

“వీడు ఉంటే చాలు నాకు” అన్నాడు. “ఎవరి ఇంట్లో ఉన్నా సరే. నిజంగా. ఉంటే చాలు.”

పనిముట్లు సర్దుకుని పోయాడు. అంత మంచివాణ్ణి పెంచింది శాయాకాన్. అందుకు కూడా ఆమె మీద కోపమే వస్తోంది. ఇంకాస్త దుర్మార్గుడిగా పెంచితే నా పని తేలికయ్యేది.

ఆ మాటకు వాడు నేను అనుకున్నంత ఉలిక్కిపడలేదు. వాడికి అన్నీ తెలుసు. ఎప్పటినుంచి?

ఏప్రిల్ 8

నవ్వాడు. కడుపులో గాలికి నవ్వాడని శాయాకాన్ అంది. గాలికి కాదు.

ఇది పగ కోసమే. ఇంకేం కాదు.

ఏప్రిల్ 11

రేపు నలభై. అన్నీ కూడబలుక్కున్నాను. మూడుసార్లు ఇవ్వననడం పద్ధతి, అమ్మేవాళ్ళు బెట్టు చేయాలి. నాలుగోసారి ఇవ్వాలి. నేను నాలుగోసారి కూడా ఇవ్వనంటాను. అప్పుడు శాయాకాన్ మొహం చూడాలి. ఊరందరి ముందూ నా కాళ్ళు పట్టుకుంటుంది. అప్పుడడుగుతాను, ఆ రోజు నా కొడుకును ఎలా ఎత్తుకుపోబుద్ధయిందే నీకు అని.

మా ఆయన అప్పుడు జిల్లా కేంద్రంలో ఉన్నాడు, ఏదో మీటింగుకు. ఉన్నట్టయితే.

ఏప్రిల్ 12

ఈ రోజు రాయలేను.

ఏప్రిల్ 13

నిన్న పొద్దున్నే గొర్రెతో వచ్చారు. నల్ల తల గొర్రె, మెడకు ఎర్ర గుడ్డ. వాళ్ళింట్లో పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, నా వాకిట్లో కంబళ్ళు పరిచారు. ముసలివాళ్ళంతా కూర్చున్నారు. అమ్మిన బిడ్డ తల్లి కొన్నవాళ్ళ గడప ఆ రోజు తొక్కకూడదు, బూరుల్ గోడ అవతల నిలబడింది. తబిల్దీ గొర్రె తాడు పట్టుకున్నాడు.

శాయాకాన్ గుమ్మం బయటి నుంచి అంది. “అమ్మా, మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందట. అమ్ముతారా?”

“కుక్కపిల్ల లేదు. ఉన్నది నా కొడుకు. అమ్మను.”

నవ్వారు.

“మంచి గొర్రెనిస్తాం తల్లీ.”

“గొర్రెనిచ్చి కొడుకుల్ని తీసుకుపోవడం మీ ఇంట్లో అలవాటేమో. మా ఇంట్లో లేదు.”

ఇంకా నవ్వారు. “అబ్బ, ఏం నోరే జూరాకాన్‌ది! పాతకాలం వాళ్ళు కూడా ఇంత బాగా అనలేదు” అని పక్కింటి ముసలామె పొర్లి పొర్లి నవ్వింది.

“అమ్మా, దయ చూడండి” అంది శాయాకాన్ మూడోసారి. అది కూడా పద్ధతి ప్రకారం అనాల్సిన మాటే.

“చూడను. ఈ జన్మలో ఇవ్వను. పోండి నా వాకిట్లోంచి!”

చప్పట్లు కొట్టారు! నిజంగా చప్పట్లు కొట్టారు. ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట బయటికి అంటే వాళ్ళు ఆటనుకున్నారు. ఒకామె కళ్ళు కూడా తుడుచుకుంది, అంత బాగా చేశానట.

“సరేలే, ఇంక ఇచ్చెయ్యవే. మాంసం చల్లారిపోతుంది” అన్నారెవరో.

“ఇవ్వనన్నాను కదా.”

కొంచెం నవ్వారు. తరవాత తగ్గింది. తబిల్దీ చేతిలో తాడు అలాగే ఉంది, వాడు నా వైపు చూస్తున్నాడు. శాయాకాన్ అందరివైపూ తిరిగి, “మీరు పోయి తింటూ ఉండండి. మా తోడికోడళ్ళ బేరం కొంచెం గట్టిది” అని నవ్వు మొహంతో అంది. లోపలికి వచ్చి తలుపు వేసింది. అప్పుడు ఆ నవ్వు లేదు.

“నిజంగానే అంటున్నావు.”

“నిజంగానే. నువ్వేమన్నా ఆటకు తీసుకున్నావా?”

ఆమె నేల మీద కూలబడింది. మోకాళ్ళ నొప్పితో పొయ్యి పక్కన పీట మీద తప్ప కూర్చోలేని మనిషి.

“నేను తీసుకోలేదే. నాకు తెచ్చిచ్చారు.”

“మామగారు తెచ్చిచ్చారు. నువ్వు ఏడ్చి, తిండి మానేసి తెప్పించుకున్నావు.”

“ఏడ్చాను. కాదనను. తిండి మానలేదు, అది ఎవరో నీకు కల్పించి చెప్పారు. మామగారు వెనక నడిచొచ్చారంతే. పిల్లాణ్ణి మోసుకొచ్చింది మీ ఆయన.”

“నోరు మూసుకో.”

“‘వదినా, ఇదిగో. మాకింకా పుడతారు, అన్నయ్యకెవరున్నారు’ అన్నాడు. జూరాకాన్ ఏమంది అనడిగాను. ‘దానికి చెప్పేశాను’ అన్నాడు. చెప్పాడా నీకు?”

“అబద్ధం! ఆయన ఆ రోజు ఊళ్ళోనే లేడు.”

“ఎక్కడికెళ్ళాడే?”

నోరు తెరిచాను. ఉన్ని కత్తిరింపు, గడ్డి కోత, జిల్లా కేంద్రం. మూడూ ఒకేసారి వచ్చాయి. ఏ ఒక్కటీ చెప్పలేకపోయాను.

శాయాకాన్ నా మొహం చూసి తల తిప్పేసుకుంది. అదే భరించలేకపోయాను, ఆమె నన్ను చూడకుండా ఉండటం.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఏమయ్యేది? నన్ను తిట్టుకుంటూ అతనితో కాపురం చేశావు. అతన్నే తిట్టుకోవాల్సొస్తే ఎవరితో చేసేదానివి? నాకు కొడుకొచ్చాడు. దానికి నువ్వు నన్ను తిట్టుకుంటే నాకు పోయిందేముందిలే అనుకున్నాను.”

“నీ జాలి నాకక్కర్లేదు.”

“జాలి కాదే తల్లీ. వాణ్ణి ఎవరిచ్చినా తీసుకునేదాన్ని. నిన్ను అడగాలని కాళ్ళు గుమ్మందాకా వచ్చాయి, నువ్వు వద్దంటావేమోనని వెనక్కి తిరిగాను. అంత పాపిష్టిదాన్నే. నాకేం శిక్ష వేస్తావో వెయ్యి. బూరుల్‌కి మాత్రం వద్దు.”

పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు, ఆకలికి. ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచాను. బూరుల్ గోడ దాటి కిటికీ కిందికి వచ్చేసింది. ఏడుపు వినిపించగానే రవిక ముందంతా తడిసిపోయింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడింది, సిగ్గుతో. ఒక్క మాట అనడం లేదు. అనే హక్కు తనకుందని కూడా దానికి తెలీదు.

నేనూ అలాగే నిలబడ్డాను, అప్పుడు. అచ్చం అలాగే. నన్ను అడిగినవాళ్ళు లేరు.

కిటికీ తెరిచాను.

“వీడికి ఏం పేరు పెట్టాలనుకున్నావే నువ్వు?”

“అత్తయ్య ఏది చెబితే...”

“అత్తయ్యని కాదు. ముల్లాని కాదు. మీ ఆయన్ని కాదు. నిన్ను అడుగుతున్నాను. కన్నదానివి నువ్వు.”

“ఎల్దియార్” అంది చివరికి, ఎవరైనా కొడతారేమోనన్నట్టు.

ఈ సంవత్సరం లోయలో పుట్టినవాళ్ళలో సగం మంది ఎల్దియార్లే. ఇంకో పదేళ్ళకు బడిలో పిలిస్తే అరడజను మంది లేచి నిలబడతారు. ఆ మాటే అనబోయి మానుకున్నాను. పిల్లాడి చెవిలో మూడుసార్లు చెప్పాను, నీ పేరు ఎల్దియార్, ఎల్దియార్, ఎల్దియార్.

“ధర ఇవ్వు” అన్నాను.

“గొర్రె...”

“గొర్రె మీ అత్తది. నీదేముంది నీ దగ్గర?”

తడుముకుంది. తలగుడ్డకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. తీసుకున్నాను. కిటికీలోంచి పిల్లాణ్ణి దాని చేతుల్లో పెట్టాను. తిరిగి చూడకుండా నడవాలి, అది పద్ధతి. కానీ అది అక్కడే గోడకానుకుని కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టింది.

తరవాత ముసలమ్మలు వచ్చి నన్ను మెచ్చుకున్నారు. ఇంతసేపు బేరమాడితే చావైనా విసుగెత్తి పోతుందట. ఇంకెవరింట్లో పిల్లలు దక్కకపోయినా ఇక నన్నే పిలుస్తారట.

శాయాకాన్‌ను క్షమించానని రాయను. గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగిందట. ఆ నాలుగడుగులు వేసి ఉండొచ్చు. వెయ్యలేదు.

ఏప్రిల్ 15

ఇల్లు మరీ శుభ్రంగా ఉంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఇప్పుడు రాస్తాను.

1972 జూన్ చివర, మధ్యాహ్నం. మా ఆయన ఉన్ని కత్తిరింపుకు వెళ్ళలేదు, గడ్డి కోతకు వెళ్ళలేదు, జిల్లా కేంద్రానికి వెళ్ళలేదు. కౌన్సిల్ ఆఫీసుకు వచ్చాడు, నా బల్ల ముందు నిలబడ్డాడు. అప్పటికి పిల్లాడు ఆ ఇంటికి చేరి మూడు రోజులు. రవిక కింద గుడ్డ బిగించుకుని కూర్చున్నాను. “రాసెయ్, అన్నయ్య పేరు మీద” అన్నాడు. రాశాను. సాక్షి సంతకం కావాలి. పెన్ను తేలేదన్నాడు. నా పెన్ను ఇచ్చాను. వంగి సంతకం పెట్టాడు, పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చాడు. సాయంత్రం ఇంట్లో ఏమీ జరగనట్టు టీ అడిగాడు. పోశాను.

నా కళ్ళ ముందే జరిగింది. నాకు తెలియకపోవడం ఏమిటి? మరుసటి రోజు నుంచే తెలియదనుకున్నాను. అలా అనుకోకపోతే ఆ టీ పోయలేను, ఆ మంచం మీద పడుకోలేను. అందుకని శాయాకాన్ కావలసి వచ్చింది.

ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ప్రతి శుక్రవారం సమాధి దగ్గరికి రొట్టె పట్టుకెళ్ళి ప్రార్థన చదివి వస్తాను. ఈ రోజు కూడా వెళ్ళాను. రొట్టె పట్టుకెళ్ళలేదు. ప్రార్థన చదవలేదు.

భర్త పేరు భార్య నోట రాకూడదు మాలో. పెళ్ళైన రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను పలకలేదు, చనిపోయాక కూడా. రాయాల్సి వస్తే పక్కవాళ్ళకు పుస్తకం జరిపేదాన్ని. యుద్ధం గెలిచిన సంవత్సరం పుట్టినవాడు, విజయం అని అర్థం వచ్చే ఆ పేరు ఆ ఏటి పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉంటుంది.

రాయి దగ్గరికి వంగాను. పసివాడి చెవిలో చెప్పినట్టే దగ్గరగా చెప్పాను.

“నీ పేరు జెంగిష్. నువ్వే ఇచ్చావు.”

“నీ పేరు జెంగిష్. నా పాలు తాగుతున్న బిడ్డని నువ్వే మోసుకెళ్ళావు.”

మూడోసారి అరిచాను. కొండవాలు మీద గొర్రెలు కాస్తున్న మనిషి తల తిప్పి చూశాడు.

“జెంగిష్! నీ పేరు చెడకూడదని ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇంకో ఆడదాన్ని తిట్టాను!”

వచ్చే శుక్రవారం రానని కూడా చెప్పి వచ్చాను.